పట్టు ఎప్పుడు బిగించాలో తెలిసిన క్లచ్

గో-కార్టు అనే చిన్న పందెపు బండిని మీలో కొందరైనా చూసే ఉంటారు. నేలను దాదాపు రాసుకొంటూ పోయే ఇనుప గొట్టాల చట్రం, నాలుగు బుల్లి చక్రాలు, ఒక సీటు, ఆ సీటు పక్కన ఒక ఇంజను. అంతే బండి. పైకప్పు లేదు, తలుపుల్లేవు, కుదుపులను ఓర్చుకొనే స్ప్రింగులు కూడా లేవు. నడిపేవాడి కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు ఉంటాయి. కుడికాలి కింద ఆక్సిలరేటరు, ఎడమకాలి కింద బ్రేకు. కార్లలో ఉండే మూడో పెడల్, అంటే క్లచ్ పెడల్, ఇక్కడ కనిపించదు. గేరు కర్ర అసలే లేదు.

పందెం మొదలయ్యే ముందు వరసగా నిలబడిన కార్టులను గమనించండి. ఇంజన్లన్నీ గుడగుడమంటూ తిరుగుతూనే ఉంటాయి, కాని ఒక్క బండీ కదలదు. జెండా ఊపగానే నడిపేవాడు ఆక్సిలరేటరు నొక్కుతాడు, బండి ముందుకు దూకుతుంది. అంతవరకు ఇంజనుకూ చక్రాలకూ లేని సంబంధాన్ని ఆ క్షణంలో ఎవరు కలిపారు?

చెవి ఒగ్గి వింటే మరో వింత కూడా తెలుస్తుంది. ఆక్సిలరేటరు నొక్కగానే ఇంజను చప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ తర్వాత మూడు నాలుగు సెకన్లపాటు ఆ శ్రుతి ఇంచుమించు అక్కడే నిలిచిపోతుంది. బండి వేగం పెరుగుతూనే ఉంటుంది, చప్పుడు మాత్రం మారదు! కాసేపటికి గాని రెండూ కలిసి పెరగడం మొదలుపెట్టవు. బండి వేగం పుంజుకొంటున్నప్పుడు దాన్ని లాగే ఇంజను వేగం పెరగకపోవడం ఏమిటి?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. ఇంజను షాఫ్టు చివర, అరచేతిలో ఇమిడేటంత చిన్న గుండ్రటి డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. దాని పేరు అపకేంద్ర క్లచ్.

క్లచ్ లేకపోతే?

విద్యుత్ మోటారు నిశ్చలస్థితి నుంచి తనంతట తాను తిరగగలదు. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది కదా. పెట్రోలు ఇంజనుకు ఆ శక్తి లేదు. అది తిరుగుతూ ఉంటేనే గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చుకోగలదు, వాటిని అదిమి మండించగలదు. కొంత కనీస వేగం కంటే తగ్గిందా, ఆగిపోతుంది. కార్టుకు వాడే చిన్న నాలుగు స్ట్రోకుల ఇంజను పనేమీ లేకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా నిమిషానికి 1400, 1500 చుట్లు తిరుగుతూ ఉంటుంది. నిలబడి ఉన్న బండి చక్రం వేగమో, సున్నా. ఈ రెండింటినీ గొలుసుతో తిన్నగా కట్టేస్తే బరువైన బండిదే పైచేయి అవుతుంది, ఇంజను చప్పున ఆగిపోతుంది.

నిజానికి కార్టుల చరిత్రలో చాలాకాలం అలా కట్టేసే నడిపారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పందెపు కార్లు తయారుచేసే సంస్థలో పనిచేస్తున్న ఆర్ట్ ఇంగెల్స్, తన మిత్రుడు లూ బొరెల్లితో కలిసి 1956లో మొదటి కార్టును నిర్మించాడు. గడ్డి కోసే యంత్రాలకు వాడే రెండు స్ట్రోకుల ఇంజను ఒకటి దొరికితే దాన్నే బిగించాడు. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు అంతర్జాతీయ పందాల్లో ప్రధానమైన 100 సి.సి. కార్టులకు క్లచ్ ఉండేది కాదు. ఇంజను నుంచి గొలుసు నేరుగా వెనక ఇరుసుకు పోయేది. బండిని స్టార్టు చేయాలంటే వెనక నుంచి ఒక సహాయకుడు దాన్ని తోసుకొంటూ పరుగెత్తాలి. మలుపులో బండి గిర్రున తిరిగి నిలిచిపోతే దానితోపాటు ఇంజనూ నిలిచిపోయేది. తోసేవాడు దగ్గర లేకపోతే ఆ పందెం అక్కడితో సరి.

డబ్బా లోపల

పని తీరు తెలియాలంటే ముందు భాగాలు తెలియాలి. ఇంజను షాఫ్టుకు గట్టిగా బిగించిన ముద్ద ఒకటి ఉంటుంది. దాన్ని హబ్ అంటారు. షాఫ్టుతోపాటు అదీ తిరుగుతుంది. హబ్ చుట్టూ విల్లులాగా వంగిన లోహపు ముక్కలు రెండో మూడో ఉంటాయి. వాటికి షూలు అని పేరు. వాటి వెలుపలి ముఖానికి బ్రేకు లైనింగు వంటి గరుకు పదార్థం అంటించి ఉంటుంది. షూలన్నిటినీ హబ్‌కు అదిమిపెట్టి ఉంచేవి స్ప్రింగులు. వీటన్నిటి చుట్టూ, తాకీ తాకనట్టుగా, ఒక ఉక్కు గిన్నె ఉంటుంది. ఇది డ్రమ్ము. డ్రమ్ము షాఫ్టుకు బిగించి ఉండదు. షాఫ్టు మీద ఒక కంచు గొట్టం ఆధారంగా వదులుగా కూర్చొని ఉంటుంది. దాని పక్కనే, దానితో ఒకటిగా అతికి, చిన్న పళ్ళచక్రం ఉంటుంది. ఆ పళ్ళచక్రం నుంచి సైకిలుకు ఉన్నట్టే ఒక గొలుసు వెనక ఇరుసు మీది పెద్ద పళ్ళచక్రానికి పోతుంది.

మెకానిక్ స్కూటరు వెనక చక్రం విప్పినప్పుడు బ్రేకు షూలను చూశారా? ఇదీ అటువంటి అమరికే. కాని అక్కడ షూలు తిరగవు, తిరిగే డ్రమ్మును ఆపుతాయి. ఇక్కడ షూలు తిరుగుతాయి, ఆగి ఉన్న డ్రమ్మును తిప్పుతాయి. అక్కడ షూలను బయటికి నెట్టేది మన కాలు. ఇక్కడ నెట్టేది ఎవరు?

"అపకేంద్ర బలం" అని మీరు వెంటనే అంటారు. మా పదో తరగతిలో ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "అపకేంద్ర బలం నిజమైన బలం కాదని పుస్తకంలో ఉంది కదండీ, లేని బలం షూను ఎలా నెడుతుంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. పేరుతో సరిపెట్టుకొనేవాళ్ళకు ఇటువంటి ప్రశ్న తోచదు.

వడిసెల తీసుకోండి. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలేవాళ్ళు రాయిని వడిసెలలో పెట్టి గిరగిర తిప్పుతారు. తిరిగే రాయి ప్రతి క్షణం తిన్నగా పోవాలనే చూస్తుంది. దాన్ని వంచి, వృత్తంలో ఉంచేది తాడు. తాడు రాయిని లోపలివైపుకు లాగుతోంది. ఇదే అభికేంద్ర బలం. తాడు ఒక కొన వదిలితే రాయి కేంద్రానికి దూరంగా ఏమీ ఎగిరిపోదు. వదిలిన చోట వృత్తానికి స్పర్శరేఖ గీస్తే ఆ గీత వెంట తిన్నగా పోతుంది. రాయిని బయటికి నెట్టినవాళ్ళు ఎవరూ లేరు. లోపలికి లాగేవాడు మానుకొన్నాడు, అంతే.

క్లచ్‌లో రాయి స్థానంలో షూ ఉంది, తాడు స్థానంలో స్ప్రింగు ఉంది. షూను వృత్తంలో తిప్పాలంటే ఎవరో ఒకరు దాన్ని లోపలికి లాగుతూ ఉండాలి. వేగం తక్కువగా ఉన్నంతసేపు ఆ పని స్ప్రింగు చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఎక్కువ లాగుడు కావలసివస్తుంది. ఒక వేగం దగ్గర స్ప్రింగు శక్తి చాలదు. అప్పుడు షూ కొంచెం వెలుపలికి జరుగుతుంది, డ్రమ్ము గోడను తాకుతుంది. స్ప్రింగు ఇవ్వలేకపోయిన మిగతా బలాన్ని ఇకమీదట డ్రమ్ము గోడ ఇస్తుంది, అంటే గోడ షూను లోపలికి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం షూ కూడా గోడను అంతే బలంతో బయటికి నెడుతుంది. మనకు కావలసింది ఆ ఒత్తిడే. ఒత్తిడి ఉన్నచోట ఘర్షణ ఉంటుంది, ఘర్షణ డ్రమ్మును తిప్పుతుంది. ఇందులో లేని బలం ఏదీ అవసరం పడలేదు. షూతోపాటు తిరుగుతూ కూర్చొని చూసేవాడికి మాత్రం ఏదో బలం దాన్ని బయటికి లాగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ కనిపించే బలానికే అపకేంద్ర బలం అని పేరు. లెక్క ఏ వైపు నుంచి చేసినా ఒకటే వస్తుంది, కాబట్టి క్లచ్‌కు ఆ పేరు ఉండనిద్దాం.

వేగం రెట్టింపు, బలం నాలుగు రెట్లు

షూను వృత్తంలో ఉంచడానికి కావలసిన బలం ఎంత? ద్రవ్యరాశిని కోణీయ వేగపు వర్గంతోనూ, వ్యాసార్థంతోనూ గుణిస్తే వస్తుంది. ఈ వాక్యంలో "వర్గం" అనే మాట కింద ఒక గీత గీసుకోండి. క్లచ్ తెలివి అంతా అందులోనే ఉంది.

లెక్క కోసం మనమే ఒక క్లచ్‌ను ఊహించుకొందాం. మూడు షూలు. ఒక్కొక్కటి 100 గ్రాములు. షూ గరిమనాభి కేంద్రం నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకొందాం. నిమిషానికి 1500 చుట్లంటే సెకనుకు 157 రేడియన్లు. దాని వర్గం 24,650 దాకా వస్తుంది. 0.1 కిలోగ్రాముతోనూ, 0.03 మీటరుతోనూ గుణిస్తే 74 న్యూటన్లు. అంటే ఏడున్నర కిలోల బరువును మోయడానికి కావలసిన బలం. అరచేతిలో ఆడుకొనే వంద గ్రాముల ముక్కకు ఇంత! ఇక 3000 చుట్ల దగ్గర 296 న్యూటన్లు. 6000 దగ్గర 1184 న్యూటన్లు, అంటే 120 కిలోల బియ్యం బరువుకు సమానం. వేగం నాలుగు రెట్లయితే బలం పదహారు రెట్లయింది.

ఇది మీరే పరీక్షించి చూడవచ్చు. పాత బాల్‌పెన్నులోంచి రీఫిల్ తీసేసి ఖాళీ గొట్టం తీసుకోండి. మీటరు పొడవున్న గట్టి దారాన్ని అందులోంచి దూర్చి, పై కొనకు ఒక రబ్బరు, కింది కొనకు ఒకే రకం వాషర్లు రెండు కట్టండి. గొట్టం పై అంచు నుంచి రబ్బరు దాకా 30 సెంటీమీటర్ల దారం వచ్చేట్టు చూసుకొని, గొట్టం కింది అంచు దగ్గర దారానికి సిరాతో గుర్తు పెట్టండి. గొట్టాన్ని పట్టుకొని రబ్బరును తల పైన గిరగిర తిప్పండి. గుర్తు కదలకుండా నిలిచే వేగంతో తిప్పుతూ, 20 చుట్లకు ఎన్ని సెకన్లు పట్టిందో స్నేహితుణ్ణి చూడమనండి. తర్వాత రెండు వాషర్లకు బదులు ఎనిమిది కట్టి మళ్ళీ చేయండి. పట్టే కాలం సుమారు సగానికి తగ్గుతుంది. బరువు నాలుగు రెట్లు, వేగం రెండు రెట్లు! ఇక్కడ వాషర్ల బరువే మన స్ప్రింగు. ఆరుబయట, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు చేయండి. రాయి మాత్రం కట్టవద్దు.

మన క్లచ్‌కు వద్దాం. ప్రతి షూనూ స్ప్రింగు 107 న్యూటన్ల బలంతో లోపలికి లాగి పెట్టిందనుకొందాం. ఇంజను 1500 చుట్లతో ఊరికే తిరుగుతున్నప్పుడు కావలసింది 74 న్యూటన్లే. స్ప్రింగుకు ఇంకా మిగులు ఉంది, షూ కదలదు. డ్రమ్ము నిశ్చలంగా ఉంటుంది, బండి నిలబడి ఉంటుంది. 1800 చుట్లకు చేరగానే కావలసిన బలం సరిగ్గా 107 అవుతుంది. ఇక్కడ షూలు డ్రమ్మును తాకుతాయి. అక్కడి నుంచి పెరిగే బలమంతా గోడ మీద పడే ఒత్తిడే.

లైనింగుకూ ఉక్కుకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనీ, డ్రమ్ము లోపలి వ్యాసార్థం 4 సెంటీమీటర్లు అనీ తీసుకొంటే, క్లచ్ ఎంత టార్క్‌ను, అంటే ఎంత తిప్పుడు బలాన్ని, డ్రమ్ముకు అందించగలదో చెప్పవచ్చు. 2400 చుట్ల దగ్గర 3 న్యూటన్ మీటర్లు. 3000 దగ్గర 6.8. 3400 దాటేసరికి 10. పలకా బలపం తీసుకొని ఈ అంకెలను ఒకసారి సరిచూడండి.

చప్పుడు ఎందుకు నిలిచిపోయింది?

అద్దెకు తిప్పే కార్టులలో తరచుగా కనిపించే హోండా జి.ఎక్స్.160 అనే ఇంజను గరిష్ఠంగా 10 న్యూటన్ మీటర్లకు కొద్దిగా పైన టార్క్ ఇస్తుంది. ఆ గరిష్ఠం 2500 చుట్ల ప్రాంతంలో వస్తుంది. 3600 దాకా పోయినా పెద్దగా తగ్గదు. మన ఊహా క్లచ్‌ను ఈ ఇంజనుకు బిగించి ఆక్సిలరేటరును పూర్తిగా నొక్కామనుకోండి. ఏం జరుగుతుంది?

2400 చుట్ల దగ్గర ఇంజను 10 ఇస్తోంది, క్లచ్ 3 మాత్రమే తీసుకొంటోంది. మిగిలిన 7 ఎక్కడికి పోవాలి? ఇంజనును ఇంకా వేగంగా తిప్పడానికే పోతుంది. వేగం పెరుగుతుంది. 3000 దగ్గర క్లచ్ 6.8 తీసుకొంటుంది, ఇంకా మిగులు ఉంది, వేగం ఇంకా పెరుగుతుంది. 3400 దగ్గర క్లచ్ తీసుకొనేదీ ఇంజను ఇచ్చేదీ సమానమవుతాయి. ఇక పెరగడానికి మిగులు లేదు. ఏ కారణం చేతనైనా వేగం కాస్త పెరిగితే క్లచ్ ఇంకా ఎక్కువ లాగి దాన్ని తగ్గిస్తుంది. తగ్గితే పట్టు సడలించి పెరగనిస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఇంజను 3400 దగ్గర నిలబడిపోతుంది. మీరు విన్న మారని శ్రుతి ఇదే.

ఈ సమయంలో డ్రమ్ము సున్నా నుంచి నెమ్మదిగా వేగం అందుకొంటూ ఉంటుంది. షూలు దాని గోడ మీద జారుతూ, జారుతూనే దాన్ని తిప్పుతూ ఉంటాయి. జారడం అంటే క్లచ్ చెడిపోయిందని కొందరు అనుకొంటారు. బయలుదేరేటప్పుడు జారడమే దాని ఉద్యోగం. జారని క్లచ్ ఉన్నా లేనట్టే. డ్రమ్ము వేగం కూడా 3400కు చేరినప్పుడు జారుడు ఆగిపోతుంది. రెండూ అతుక్కొన్నట్టు ఒకటిగా తిరుగుతాయి. అక్కడి నుంచి ఇంజను శ్రుతి, బండి వేగం కలిసి పెరుగుతాయి.

ఇంజను వైపు పళ్ళచక్రానికి 12 పళ్ళు, ఇరుసు మీది చక్రానికి 60 పళ్ళు ఉంటే, ఇంజను ఐదు చుట్లకు చక్రం ఒక చుట్టు. 28 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రానికి 3400 చుట్ల దగ్గర బండి వేగం సెకనుకు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. బండీ మనిషీ కలిసి 160 కిలోలైతే అక్కడికి చేరడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. అంటే పందెంలో ఆ నాలుగున్నర సెకన్లూ క్లచ్‌వి. అందరికంటే ముందు మొదటి మలుపు చేరేది ఎవరన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

జారుడుకు చెల్లించే ధర

జారినచోట వేడి పుడుతుంది. ఎంత పుడుతుంది? జారుతున్నంతసేపూ ఇంజను 3400 చుట్లతోనే తిరిగింది. డ్రమ్ము సున్నా నుంచి 3400 దాకా సమంగా పెరిగింది, కాబట్టి దాని సగటు వేగం 1700. రెండు వైపులా టార్క్ ఒకటే. అందుచేత ఇంజను చేసిన పనిలో సరిగ్గా సగమే బండికి చేరింది. మిగతా సగం వేడిగా మారింది. లైనింగు మార్చినా, ఎంత ఖరీదైన క్లచ్ కొన్నా ఈ సగం తప్పదు. నన్నడిగితే ఈ చిన్న డబ్బాలో అన్నిటికంటే ఆశ్చర్యకరమైన సంగతి ఇదే.

160 కిలోల బండి సెకనుకు 10 మీటర్ల వేగం అందుకొంటే దాని గతిశక్తి 8000 జౌళ్ళు. వేడి కూడా అంతే, 8000 జౌళ్ళు. డ్రమ్ము అర కిలో ఉక్కు అయితే, ఆ వేడి అంతా దానికే పోయిందనుకొంటే, ఒక్క స్టార్టుకు 33 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉష్ణోగ్రత పెరుగుతుంది. పరుగెత్తుతున్నప్పుడు తగిలే గాలి దాన్ని మళ్ళీ చల్లారుస్తుంది. ఫర్వాలేదు.

ఫర్వా ఉన్న సందర్భం మరొకటి ఉంది. అద్దె కార్టు ఎక్కిన కుర్రవాళ్ళు ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు ఆక్సిలరేటరు మీద ఉంచి, సైగ కోసం ఎదురుచూస్తూ ఇంజనును అరిపిస్తుంటారు. డ్రమ్ము తిరగడం లేదు, షూలు 3400 చుట్లతో దాన్ని రాస్తున్నాయి. ఇప్పుడు సగం కాదు, ఇంజను ఇచ్చే 3600 వాట్లూ వేడే. బకెట్టులో నీళ్ళు కాచే 1500 వాట్ల హీటర్లు రెండింటికంటే ఎక్కువ ఇది. సెకనుకు 15 డిగ్రీల చొప్పున, పది సెకన్లలో డ్రమ్ము 150 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇలా కొన్నిసార్లు చేస్తే డ్రమ్ము నీలిరంగుకు తిరుగుతుంది, లైనింగు గాజులా నునుపెక్కుతుంది. నునుపెక్కితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడి. అన్నిటికంటే ప్రమాదం స్ప్రింగులతో. బాగా కాలిన స్ప్రింగు తన బిగువు కోల్పోతుంది. మన లెక్కలో 107 న్యూటన్లు ఇచ్చే స్ప్రింగు 70కి పడిపోయిందనుకోండి. 1500 చుట్ల దగ్గరే షూలు డ్రమ్మును తాకుతాయి, ఎవరూ ఆక్సిలరేటరు నొక్కకుండానే బండి ముందుకు పాకడం మొదలుపెడుతుంది. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే? కార్టు ట్రాక్ వాళ్ళు "రెండు పెడళ్ళూ ఒకేసారి నొక్కవద్దు" అని బోర్డు పెట్టేది ఊరికే కాదు.

నూనె సంగతి కూడా చెప్పాలి. గొలుసుకు నూనె కావాలి, డ్రమ్ము కింది కంచు గొట్టానికి ఒకటి రెండు చుక్కలు కావాలి. వాటికి అంగుళం దూరంలో ఉన్న లైనింగుకు మాత్రం ఒక్క చుక్క కూడా తగలరాదు. ఘర్షణ గుణకం 0.3 నుంచి 0.1కు పడిపోతే క్లచ్ పట్టు మూడో వంతే మిగులుతుంది.

ఏ స్ప్రింగు, ఏ షూ?

పందెపు మెకానిక్ నైపుణ్యం ఇక్కడ తెలుస్తుంది. ఇంజను ఎక్కువ చుట్లు తిరిగి గట్టిగా అరిస్తే బండి ఎక్కువ జోరుగా బయలుదేరుతుందనుకోవడం పొరపాటు. క్లచ్ జారుతున్నంతసేపు చక్రానికి చేరేది ఇంజను టార్క్ మాత్రమే. మన నాలుగు స్ట్రోకుల ఇంజను 2500 దగ్గరా 10 న్యూటన్ మీటర్లే ఇస్తుంది, 3400 దగ్గరా సుమారుగా అంతే. కాబట్టి జారుడు 2500 దగ్గరే జరిగితే తోపు తగ్గదు. జారుడు ముగిసే బండి వేగం తగ్గుతుంది కనుక పుట్టే వేడి మాత్రం 8000 జౌళ్ళ నుంచి సుమారు 4300కు దిగుతుంది.

సరే, స్ప్రింగును మెత్తబరచి 2500కు దించుదామా? లెక్క వేస్తే కుదరదని తెలుస్తుంది. మన 100 గ్రాముల షూలకు స్ప్రింగులు పూర్తిగా తీసేసినా 2500 దగ్గర 10 న్యూటన్ మీటర్లు మోసే ఒత్తిడి రాదు. షూ బరువు పెంచాలి. బరువు పెంచి స్ప్రింగును అలాగే ఉంచితే, ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడే షూలు పట్టుకొంటాయి. అందువల్ల రెండూ కలిపి పెంచాలి. 280 గ్రాముల షూ, దానికి 300 న్యూటన్ల స్ప్రింగు పెట్టి చూడండి. పట్టు మొదలయ్యేది మళ్ళీ 1800 దగ్గరే, కాని పూర్తి పట్టు 2500 దగ్గరే వచ్చేస్తుంది. తేలిక షూ, మెత్తటి స్ప్రింగు అయితే పట్టు నెమ్మదిగా వస్తుంది. బరువు షూ, గట్టి స్ప్రింగు అయితే చటుక్కున బిగుస్తుంది. తిరిగే బరువు పెరగడం వల్ల ఇంజను చురుకుదనం కొంత తగ్గుతుందన్నది వేరే నష్టం. దీన్ని తప్పించుకోవడానికే పందెపు క్లచ్‌లలో కొన్నిటికి షూలకు బదులు పలకలు వాడతారు. అక్కడ చిన్న బరువులు బయటికి జరిగి పలకలను ఒకదానికొకటి అదుముతాయి. రాసుకొనే ముఖాలు ఎక్కువ కాబట్టి తక్కువ బరువుతోనే ఎక్కువ పట్టు వస్తుంది.

రెండు స్ట్రోకుల పందెపు ఇంజను స్వభావం వేరు. తక్కువ వేగంలో దానికి సత్తువ ఉండదు, ఎక్కువ చుట్ల దగ్గర విజృంభిస్తుంది. అటువంటి ఇంజనును 2000 దగ్గరే పట్టుకొంటే నీరసంగా బయలుదేరుతుంది. అక్కడ పట్టును పైకి జరపడం లాభమే. అలాగని ఇష్టం వచ్చినంత జరపనివ్వరు. ఆస్ట్రియాకు చెందిన రోటాక్స్ వారి 125 సి.సి. ఇంజన్లతో జరిగే పందాల్లో, ఇంజను 4000 చుట్లకు చేరేలోగా, నడిపేవాడు ఎక్కని ఖాళీ బండి కదలాలి అని నియమం ఉంది. పందెం అయ్యాక కొలిచి చూస్తారు.

ఈ క్లచ్ మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. 2007లో అంతర్జాతీయ కార్టింగ్ అధికారులు 100 సి.సి. క్లచ్ లేని ఇంజన్ల స్థానంలో కె.ఎఫ్. అనే 125 సి.సి. తరగతిని తెచ్చారు. దానికి విద్యుత్ స్టార్టరూ, అపకేంద్ర క్లచ్చూ ఉండేవి. తోసేవాడి అవసరం పోయింది, నిలిచిపోయిన బండి తనంతట తాను మళ్ళీ బయలుదేరగలిగింది. కాని బరువు, ఖర్చు, మరమ్మతులు పెరిగాయి. 2016లో వచ్చిన ఓకే అనే తరగతిలో స్టార్టరునూ క్లచ్‌నూ రెండింటినీ తీసేశారు. మళ్ళీ తోసుడే! ఆ పందాలు కదులుతున్న వరసతోనే మొదలవుతాయి కాబట్టి బయలుదేరడానికి క్లచ్ అక్కరలేదు. గేర్లున్న కార్టుల తరగతి మరొకటి ఉంది, దానికి మామూలు చేతి క్లచ్ ఉంటుంది. కొత్తగా నేర్చుకొనేవాళ్ళకూ అద్దె కార్టులకూ మాత్రం అపకేంద్ర క్లచ్‌ను మించింది లేదని నా అభిప్రాయం.

కార్టు చూడనివాళ్ళు నిరాశపడనక్కరలేదు. పాల క్యాన్లు, కూరగాయల మూటలు మోసే టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. మోపెడ్‌లో ఉన్నది అపకేంద్ర క్లచ్చే. గేర్లు లేని స్కూటరు వెనక చక్రం దగ్గరా అదే ఉంది. గట్ల మీద గడ్డి కోసే యంత్రాన్ని స్టార్టు చేయగానే బ్లేడు తిరగకపోవడం, మీట నొక్కాకే తిరగడం చూశారా? అక్కడా అదే. ఎవరైనా బరువుతో మోపెడ్ ఎక్కి బయలుదేరుతున్నప్పుడు పక్కన నిలబడి చప్పుడు వినండి. స్కూటరులో బెల్టు అమరిక కూడా శ్రుతిని నిలబెడుతుంది కాబట్టి అది ఈ పరీక్షకు పనికిరాదు. మోపెడ్‌కు ఒకే గేరు కనుక, శ్రుతి నిలిచి ఉన్నంతసేపు జారుడు, పెరగడం మొదలైతే పట్టు.

చివరగా మీకొక లెక్క. కొన్ని నెలలు వాడాక లైనింగు అరిగిపోయి, షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగింది. డ్రమ్మును తాకాలంటే ఇప్పుడు స్ప్రింగు మరికొంత సాగాలి. అరిగినంత మేర షూ బరువు కూడా తగ్గింది. బయటికి జరిగినందువల్ల గరిమనాభి వ్యాసార్థం మాత్రం కొద్దిగా పెరిగింది. ఈ క్లచ్ మునుపటి కంటే తక్కువ వేగంలో పట్టుకొంటుందా, ఎక్కువ వేగంలోనా? మూడు కారణాల్లో ఏది ఎటు లాగుతుందో విడివిడిగా రాసి, స్ప్రింగు ఒక మిల్లీమీటరు సాగడానికి 20 న్యూటన్లు కావాలనుకొని, మన క్లచ్ అంకెలతోనే తేల్చండి.